మంత్రి గారూ, లెక్క రొయ్య పెంకు దగ్గర మొదలుపెట్టండి

ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. రొయ్యల సాగులో దేశంలో మనదే మొదటి స్థానం. ప్రాసెసింగ్‌లో తల, పెంకు తీసేస్తే రొయ్య బరువులో 40 శాతం పైనే వ్యర్థంగా మిగులుతుంది. ఆ పెంకుల నుంచి వచ్చే చిటోసాన్ అనే పదార్థంతో ఒంట్లోకి మందులను మోసే నానో (అతి సూక్ష్మ) కణాలు చేయవచ్చు. ఇది హరిత పరిశ్రమ, రాయితీ ఇవ్వండి అంటూ ఎవరైనా మీ దగ్గరికి వస్తే ఒక్క మాట అడగండి: హరితం ఏ మెట్టు నుంచి?

చివరి మెట్టు, అంటే కణాల తయారీ, శుభ్రమైనదే, అందులో సందేహం లేదు. చిటోసాన్‌ను ఒక శాతం ఎసిటిక్ ఆమ్లంలో మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున కరిగించి, పీహెచ్ (ఆమ్లత సూచిక) 5 దగ్గర ఉంచి, వడగట్టాలి. గిరగిరా తిప్పుతూ ట్రైపాలీఫాస్ఫేట్ అనే ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణాన్ని చుక్కచుక్కగా వేస్తే కాసేపటికి ద్రవం లేత నీలిమెరుపుతో పాలవన్నెకు తిరుగుతుంది. కణాలు ఏర్పడ్డాయన్నమాట. డైక్లోరోమీథేన్ లాంటి హానికర ద్రావకంతో పనే లేదు. బరువులో చిటోసాన్ 3 నుంచి 5 పాళ్లు, ఫాస్ఫేట్ ఒక పాలు. ఫాస్ఫేట్ మోతాదు దాటితే కణాలు ముద్దకట్టి అడుగున తెల్లగా దిగిపోతాయి. పీహెచ్ 6.5 దాటితే చిటోసాన్ తన ధనావేశం పోగొట్టుకుని తానే ద్రావణం నుంచి విడిపోయి దిగిపోతుంది.

మురికంతా ముందు మెట్లలో ఉంది. పెంకులోని సున్నం (కాల్షియం కార్బొనేట్) కిలో కరగాలంటే 0.73 కిలోల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావాలి, 1.11 కిలోల కాల్షియం క్లోరైడ్ ఉప్పు వ్యర్థ నీటిలోకి పోతుంది. ప్రొటీన్ తీయడానికి కాస్టిక్ సోడా. మిగిలిన కైటిన్ అనే పదార్థం నుంచి ఎసిటైల్ గుంపులు తీసి చిటోసాన్‌గా మార్చడానికి 40–50 శాతం కాస్టిక్ సోడాలో వేడి చేయాలి. ఆ నీళ్లు కాలువలోకి వదిలితే కణాలు నీటిలో చేశామని చెప్పుకోవడం ఎందుకు?

మార్గం లేకపోలేదు. నూరిన పెంకుకు బెల్లం మడ్డి లాంటి చక్కెర కలిపి లాక్టిక్ బ్యాక్టీరియాతో 30 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు పులియబెడితే సున్నం, ప్రొటీన్ చాలావరకు వదులుతాయి. ఆ ద్రవం మేతకు పనికొస్తుంది. చక్కెర తగ్గితే మాత్రం పెంకులోని సున్నమే ఆమ్లాన్ని మింగేస్తుంది, పీహెచ్ దిగదు, సరుకు కుళ్లిపోతుంది. మిగిలిన సున్నానికి చివర కొద్దిగా ఆమ్లం తప్పదు. ఎసిటైల్ తీయడంలో కాస్టిక్‌కు పరిశ్రమ స్థాయిలో సరైన ప్రత్యామ్నాయం ఇంకా రాలేదు, కాబట్టి వాడిన కాస్టిక్‌నే సాంద్రత సరిచేసి మళ్లీ వాడాలన్న షరతు పెట్టండి.

ఇంకో షరతు కూడా కావాలి. ప్రతి బ్యాచ్‌కూ డీఎసిటైలేషన్ శాతం (ఎసిటైల్ ఎంత పోయిందో), స్నిగ్ధత (చిక్కదనం), బూడిద శాతం (ఖనిజం ఎంత మిగిలిందో) రాసిన కాగితం ఉండాలి. ఇవి మారితే అదే రెసిపీతో నిన్న 200 నానోమీటర్ల కణం, నేడు ముద్ద. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖలో పరిశోధన కేంద్రం ఉంది. దానితో కలిసి ఉమ్మడి పరీక్షా వసతి ఏర్పాటు చేయవచ్చు. పెంకులు మాత్రం తీసిన రోజే, ఐస్‌లో ఫ్యాక్టరీకి చేరాలి. మన ఎండకు సాయంత్రానికే కంపు కొడతాయి.

ఇట్లు,
చిటోసాన్ మీద పనిచేసే పరిశోధకులం