పులా, రాండ్ రేట్లు కూడా వేయండి

ఎడిటర్ గారికి,

మీ వాణిజ్యం పేజీలో డాలరు, పౌండు, దిర్హాం రేట్లు వేస్తున్నారు. మంచిదే, మన దిక్కు గల్ఫ్‌కు పోయినోళ్లు ఎక్కువ. కానీ ఆఫ్రికాకు పోయినవాళ్లూ ఉన్నారు. మా అల్లుడు బోట్స్‌వానాలోని గాబరోన్‌లో ఒక హార్డ్‌వేర్ దుకాణంలో అకౌంట్లు చూస్తాడు. జీతం అక్కడి కరెన్సీ పులాల్లో, సరుకేమో దక్షిణాఫ్రికా నుంచి ఆ దేశపు కరెన్సీ రాండ్లలో. ఈ రెండింటి రేటు కదిలితే మేకుల ధర నుంచి ఆయన బోనస్ దాకా అన్నీ కదులుతాయి.

1976 ఆగస్టు దాకా బోట్స్‌వానాలో రాండే చెల్లేది. పులా వచ్చిన రోజు ఒక పులాకు ఒక రాండ్. తర్వాత వజ్రాల ఎగుమతుల దన్నుతో పులా నిలబడింది. రాండ్ మాత్రం 1985 అప్పుల సంక్షోభంలో బాగా దెబ్బతిన్నది. 2005 మే నెలలో బోట్స్‌వానాయే పులా విలువను 12 శాతం తగ్గించుకుంది. అయినా ఇప్పటికీ ఒక పులా ఒక రాండ్ కంటే ఎక్కువే.

దక్షిణాఫ్రికా నడుమ ఉన్న చిన్న దేశం లెసోతో కరెన్సీ 'లోటి' సంగతి వేరు, అది రాండ్‌తో ఒకటికి ఒకటి. లెసోతోలో రాండ్ దర్జాగా చెల్లుతుంది, దక్షిణాఫ్రికాలో మాత్రం లోటికి చట్టబద్ధమైన చెల్లుబాటు లేదు. పెద్దోళ్ల వ్యవహారం ఎక్కడైనా ఇంతే!

కనీసం ఆదివారం నాడు ఈ రేట్లు, పక్కనే పదేళ్ల కిందటివీ వేయండి. డాలరు మీదుగా రెండుసార్లు లెక్కగట్టే తిప్పలు మాకు తప్పుతాయి.

– ఒక రిటైర్డ్ లెక్కల సారు, పరకాల