ఎగ్జిమ్ ఎవరి పేరున నడుస్తోందో చూడు

చిన్నా,

నిన్న ఫోన్లో నీ గొంతు వింటేనే ఎంత టెన్షన్‌లో ఉన్నావో తెలిసింది. విండోస్‌లో యూనిక్స్ ప్రోగ్రాములు నడిపించే సిగ్‌విన్‌లో, మెయిళ్ళు చేరవేసే ఎగ్జిమ్ సర్వీసు స్టార్టయిందట, క్యూలో మెయిళ్ళు మాత్రం కదలట్లేదట, అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయినా అంతేనట. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ఎగ్జిమ్ యూనిక్స్ కోసం పుట్టింది. 1995లో కేంబ్రిడ్జి యూనివర్సిటీలో ఫిలిప్ హేజెల్ మొదలుపెట్టాడు. అక్కడ రూట్ అంటే అన్ని హక్కులూ ఉన్న యూజర్, నంబరు 0. ఎగ్జిమ్ రూట్‌గా మొదలై, ఎవరి మెయిల్ వాళ్ళ మెయిల్‌బాక్సులో వేసేటప్పుడు కాసేపు ఆ యూజర్‌గా మారిపోతుంది. విండోస్‌లో ఆ సున్నా నంబరువాడే లేడు. విండోస్ సొంత సర్వీసులు నడిచే సిస్టమ్ అకౌంటుకి సిగ్‌విన్ ఇచ్చే నంబరు 18, అంతే. ప్రోగ్రామును దాని ఓనరు హక్కులతో నడిపించే సెట్‌యుఐడి బిట్ పెట్టినా ఇక్కడ పనిచెయ్యదు. అందుకే నీ షెల్‌లోంచి, అంటే నువ్వు కమాండ్లు కొట్టే చోటునుంచి, నడిపిన ఎగ్జిమ్‌కి నీకున్న హక్కులే ఉంటాయి. మిగతా యూజర్ల మెయిల్ అందించాల్సింది సర్వీసుగా నడిచే ఎగ్జిమే.

కాబట్టి ముందు సర్వీసు ప్రాపర్టీస్‌లో లాగ్ ఆన్ ట్యాబ్ తెరిచి, అది ఏ అకౌంటుతో నడుస్తోందో చూడు. మీ సర్వర్లో పాత సిగ్‌విన్ అన్నావు కదా, అసలు తిరకాసు అక్కడే. పాస్‌వర్డ్ లేకుండా ఇంకో యూజర్‌గా మారాలంటే టోకెన్ (యూజర్ ఎవరో, హక్కులేమిటో విండోస్‌కి చెప్పే గుర్తింపు) సృష్టించే హక్కు కావాలి. విండోస్ సర్వర్ 2003 నుంచి సిస్టమ్ అకౌంటుకి కూడా ఆ హక్కు లేదు. అడ్మినిస్ట్రేటర్‌కి మామూలుగా ఎప్పుడూ లేదు, నీ లాగిన్ అందుకే పనికిరాలేదు. దీనికోసమే సిగ్_సర్వర్ అని వేరే అకౌంటు పెట్టుకునేవాళ్ళు. టోకెన్ సృష్టించడం, ప్రాసెస్ టోకెన్ మార్చడం, ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగంగా పనిచెయ్యడం, సర్వీసుగా లాగిన్ అవ్వడం, ఈ హక్కులు దానికి ఉన్నాయో లేదో ఎడిట్‌రైట్స్ టూల్‌తో చూడు. 2019లో వచ్చిన సిగ్‌విన్ 3.0 నుంచి ఈ గొడవ లేదు, సిస్టమ్ అకౌంటే సరిపోతుంది. మీ మేనేజర్ ఒప్పుకుంటే అప్‌గ్రేడ్ చేసుకోవడమే నయం.

హక్కు ఇచ్చాక సర్వీసు ఆపి మళ్ళీ స్టార్ట్ చెయ్యి. హక్కులు లాగిన్ అయ్యేటప్పుడే టోకెన్‌లోకి వస్తాయి, నడుస్తున్న ప్రాసెస్‌కి కొత్తవి అంటవు. ఇవాళ బాగా నడిచి రేపు 1069 ఎర్రర్ (సర్వీసు లాగిన్ కాలేకపోయిందని) వచ్చిందనుకో, ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ కలిపి పెట్టే డొమైన్ పాలసీ నువ్విచ్చిన హక్కును చెరిపేసిందేమో చూడు. అప్పుడు నీ మెషీన్‌లో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు, డొమైన్ చూసేవాళ్ళే ఆ అకౌంటును పాలసీలో చేర్చాలి.

విసుగొచ్చి క్యూ దాచే స్పూల్ ఫోల్డర్‌కి 777, అంటే అందరికీ అన్ని అనుమతులూ, మాత్రం ఇవ్వకు. క్యూలో ఉన్న మెయిళ్ళు ఎవరైనా చదివేస్తారు, పైగా యూజర్‌గా మారే సమస్య అలాగే ఉంటుంది.

ఇంకా కదలకపోతే ఎగ్జిమ్ పెద్ద తప్పులు రాసుకునే పానిక్ లాగ్‌లో చివరి వరుసలు ఫొటో తీసి పంపు. ఊరికే 'పర్మిషన్ ఎర్రర్' అంటే నాకేం తెలుస్తుంది? పంపేసి, ముందు అన్నం తిను.

అమ్మ