పేటలో సర్వేకి దిగేముందు

విశాఖపట్నం

చి. లావణ్యకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడి మత్స్యకారుల పెదజాలరిపేటలోనూ, అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లలోనూ 'నేనెవరు' అన్న ఊహ ఎలా మారుతుందో చూస్తానన్నావు. సిద్ధాంతాలు మీ గైడ్ చెబుతారు. గడపలో కూర్చున్నాక ఏది తేడా కొడుతుందో అంతవరకే రాస్తున్నాను.

అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు కూన్, మెక్‌పార్ట్‌లాండ్‌ల 1954 నాటి పరీక్షలో "నేను ఎవరిని?" అన్నదానికి ఇరవై జవాబులు రాయాలి. సగంలోనే ఆపేసేవాళ్లు ఉంటారు. అందుకని జవాబుల సంఖ్యలు పోల్చకు. ఒక్కొక్కరి జవాబుల్లో బంధుత్వాలు ఎంత శాతమో చూడు. వాటిని వర్గాలుగా విడదీసేది ఇద్దరు, విడివిడిగా, ఏ కాగితం ఏ ఊరిదో తెలియకుండా. ఇద్దరి వర్గీకరణ ఎంతవరకు కలిసిందో చెప్పే కప్పా అన్న అంకె 0.7కి తగ్గితే నియమాలు మళ్లీ రాసుకో, రాజీ కుదర్చకు.

అసలు చిక్కు ఇంకోటుంది. 1989లో కజిన్స్ అనే పరిశోధకుడు ఇదే పరీక్ష జపాన్, అమెరికా విద్యార్థులకిచ్చాడు. ఊరికే అడిగితే జపాన్‌వాళ్లు తమ గుణాలు తక్కువ చెప్పారు. "ఇంట్లో ఎలా ఉంటారు" అని సందర్భం చేర్చేసరికి అమెరికన్లకంటే వాళ్లే ఎక్కువ చెప్పారు. నువ్వూ రెండు రకాలుగా అడగాలి. ఒక్క రకంతో సరిపెట్టి, మనవాళ్లకి సొంత వ్యక్తిత్వమే లేదని తేల్చేసే వ్యాసాలు చూస్తే ఒళ్లు మండుతుంది.

"నేను పెద్దల మాట వింటాను"కి 1 నుంచి 5 లోపు అంకె వేయమంటే, పేటలో పిల్ల పక్కింటి పిల్లతో పోల్చుకుంటుంది, న్యూజెర్సీ పిల్ల అక్కడి స్నేహితురాళ్లతో. ఇద్దరూ 4 వేస్తారు. రెండు కొట్లలో వేర్వేరు తూకంరాళ్లు ఉన్నట్టే అది. చేసిన పని అడుగు: "కిందటిసారి ఫోన్ కొనేముందు ఎవరినడిగారు?" ఫ్యాక్టర్ లోడింగులు (ఒక్కో ప్రశ్న నువ్వు కొలిచే గుణంతో ఎంత ముడిపడిందో చెప్పే అంకెలు) రెండుచోట్లా సరిపోయి, ఇంటర్‌సెప్టులు (ఆ గుణం ఒకే స్థాయిలో ఉన్నప్పుడు ప్రశ్నకి పడే మొదటి అంకెలు) సరిపోకపోతే సహసంబంధాలు పోల్చుకోవచ్చు, సగటులు మాత్రం కాదు.

భార్యాభర్తల ప్రశ్నలకి అత్తగారు పక్కనుంటే అన్నీ 5లే పడతాయి. ఇద్దరు వెళ్లండి. ఒకరు ఆవిణ్ణి వేరే ప్రశ్నలతో అరుగు మీద కూర్చోబెట్టాలి. లేచి వెళ్లమన్నారో, మర్నాడు ఆ ఇంటి తలుపు తెరుచుకోదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర, మోటారు పడవలకి సముద్రంలో చేపల వేట నిషేధం. మగవాళ్లు ఇళ్లదగ్గరే దొరుకుతారని సగం ఇంటర్వ్యూలు అప్పుడు పెట్టుకోకు. ఆ 61 రోజులూ వేట రాబడి లేక ఇంట్లో మాటల తీరే వేరుగా ఉంటుంది. వేట రోజులవాటితో కలిపేస్తే రోజుల తేడా కాస్తా మనుషుల తేడాగా లెక్కలోకెక్కుతుంది. జూన్ 14 దాటాకే మొదలుపెట్టు. కుదరకపోతే మొత్తం నిషేధంలోనే ముగించి, ఆ సంగతి థీసిస్‌లో రాయి.

మీ నాన్న