చిక్కబళ్లాపురం లైను, టోక్యోలో ఒక చిన్న రైలు

సంపాదకులు గారికి,

నమస్కారం. బెంగళూరు సబర్బన్ రైలు గురించి వార్తలు వచ్చినప్పుడల్లా చర్చంతా కొత్త వంతెనలు, కొత్త స్టేషన్లు, గడువుల చుట్టూనే తిరుగుతోంది. యలహంక నుంచి దేవనహళ్లి, నంది హాల్ట్ మీదుగా చిక్కబళ్లాపురం పోయే పాత లైను నూరేళ్లు దాటి మన కళ్లెదుటే ఉంది. చదువులకూ కొలువులకూ రోజూ పోయి వచ్చేవాళ్ల లైనుగా దాని ప్రస్తావన మాత్రం అరుదు. ఆ దారిన నగరానికి వచ్చేవాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు కనుక తెలుగు పత్రికకే ఈ లేఖ రాస్తున్నాను.

కిందటేడు మా అబ్బాయి దగ్గరికి టోక్యో వెళ్లి నెల రోజులున్నాను. అక్కడ సెటగాయా లైను అనే చిన్న రైలు ఎక్కని రోజు లేదు. సాంగెన్‌జాయా నుంచి షిమో టకాయిడో వరకు ఐదే కిలోమీటర్లు, పది స్టేషన్లు, బండికి రెండే పెట్టెలు. ఇళ్ల పెరళ్లకు ఆనుకుని, పూలకుండీల పక్కనుంచి పోతుంది. షిబుయా నుంచి టమా నది ఒడ్డుకు 1907లో వేసిన టమగావా లైనుకు ఇది కొమ్మ. నగరంలో కట్టడాలకు కావలసిన కంకరను నది నుంచి మోసుకొచ్చేది కాబట్టి ఆ పెద్ద లైనును అక్కడి జనం తమ భాషలో ‘కంకర బండి’ అని పిలిచేవారట. కొమ్మ లైను 1925లో రెండు విడతలుగా పూర్తయింది.

నా మనసులో నాటుకుపోయింది ఆ తరువాతి కథ. 1960లలో కార్లు పెరిగేసరికి, రోడ్డు మధ్యన నడిచే పెద్ద లైను వాటిలో చిక్కుకుపోయింది. పైన కార్లకు ఎక్స్‌ప్రెస్ రోడ్డు, కింద భూగర్భ రైలు కట్టాలని నిర్ణయించి 1969 మే నెలలో దాన్ని ఎత్తేశారు. బదులుగా రావలసిన భూగర్భ రైలు 1977లో గానీ రాలేదు. మధ్యలో ఎనిమిదేళ్లు జనానికి బస్సులే గతి అయ్యాయి. కొమ్మ మాత్రం బతికింది. దాని పట్టాలు రోడ్డు మీద కాక సొంత నేల మీద ఉండటమే అందుకు కారణం. రోడ్డు వెడల్పు చేయాలన్నా, కార్లకు చోటు కావాలన్నా ఆ నేల జోలికి పోవలసిన అవసరం రాలేదు.

ఆ రైలు ఒక పెద్ద రింగు రోడ్డును దాటేచోటు వాకబయాషి దగ్గర ఉంది. అక్కడ గేటు ఉండదు. ఎర్ర దీపం పడితే రైలే ఆగుతుంది. నేను డ్రైవరు వెనకాల నిలబడి చూశాను: లారీలన్నీ దాటాక దీపం మారింది, ఆయన తెల్లటి చేతి తొడుగు వేసుకున్న వేలితో దీపాన్ని చూపి, నోటితో ఏదో పలికి, అప్పుడు బండి కదిలించాడు. 1999 నుంచి కొత్త పెట్టెలు తెచ్చి, 2001 నాటికి ప్లాట్‌ఫారాలను పెట్టె అంచుకు సమంగా ఎత్తు చేశారు. చేతికర్ర పట్టుకున్న ఒక ముసలామె, హాల్లోంచి వరండాలోకి నడిచినట్టు, ఎవరి సాయమూ లేకుండా లోపలికి అడుగు పెట్టింది. మోకాళ్ల నొప్పులున్న నా భార్యను మన హాల్టుల్లో ఇద్దరం పట్టుకుని ఎక్కించవలసి వస్తుంది.

మన లైను 1915 నాటిది. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నా చిన్నతనంలో పొగబండి నడిచేది. పట్టుగూళ్ల బుట్టల పక్కన ఒదిగి కూర్చుని మా అమ్మతో ప్రయాణం చేశాను. ఆ పట్టాలు ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయ్యాయి. నంది హాల్ట్, దేవనహళ్లి, అవతిహళ్లి, దొడ్డజాల స్టేషన్ల పాత భవనాలను బాగు చేయించారు, సంతోషం. అయితే భవనం ఎంత అందంగా ఉన్నా, ఎనిమిదిన్నరకల్లా యలహంకలో ఉండవలసిన పిల్లకు అనువైన వేళకు బండి లేకపోతే ఆమె బస్సే ఎక్కుతుంది.

టోక్యోలో ఐదారు నిమిషాలకొక బండి నడుస్తుంది. ఇక్కడ అలా నడపమని నేను అడగడం లేదు. అక్కడ పట్టాలకు రెండు వైపులా ఇళ్లే, ఇక్కడ దేవనహళ్లి దాటితే ఇంకా ద్రాక్షతోటలు కనిపిస్తాయి. ఉదయం, సాయంత్రం గంటకొక బండి, అదీ ఏటా మారని వేళలతో నడిస్తే జనం దాన్ని నమ్ముకుని ఇల్లు, బడి, ఉద్యోగం చూసుకుంటారు. సబర్బన్ పథకంలో ఈ వైపుకు వేయబోయే ‘సంపిగె’ అనే మార్గం దేవనహళ్లి వరకే ఉంది, దాన్ని చిక్కబళ్లాపురం దాకా పొడిగించాలి. అన్నిటికన్నా ముందు, ఈ లైనుకు ఇరువైపులా రెండో పట్టాకు కావలసిన నేలను ఇప్పుడే కొలిచి, హద్దురాళ్లు పాతి, ఏ రోడ్డుకూ ఇవ్వకుండా అట్టేపెట్టాలని రైల్వే అధికారులనూ రాష్ట్ర ప్రభుత్వాన్నీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. దేవనహళ్లి విమానాశ్రయం చుట్టూ నేల ధర ఏటేటా పెరుగుతోంది. పదేళ్ల తరువాత కొలిస్తే కొలవడానికి ఏమీ మిగలదు.

భవదీయుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
యలహంక, బెంగళూరు