ఉభయ కుశలోపరి

చిరంజీవి శారదకు మీ నాన్న ఆశీర్వదించి రాయునది.

ఉభయ కుశలోపరి అని మొదలుపెడదామంటే నీ కుశలం తెలిసి పద్దెనిమిది రోజులైంది. లెక్క నాది కాదు, మీ అమ్మది. క్యాలెండరులో పాల లెక్క పక్కనే నీ ఫోను రాని రోజులకు సున్నాలు చుడుతోంది.

విశేషాలేమీ లేవు, ఊసుపోక రాస్తున్నాను. నువ్వు లా కాలేజీలో ఉండగా చూడమన్న ఆ 'షాహిద్' సినిమా ఇన్నాళ్లకు చూశాను. హన్సల్ మెహతా తీసింది, 2013లో వచ్చింది. నాది హిందీ ప్రచార సభ 'ప్రాథమిక' దగ్గర ఆగిన హిందీ. అయినా కోర్టు సీన్లు అర్థం కాకపోవడమేముంది? ఆ రాజ్‌కుమార్ రావుకు జాతీయ అవార్డు ఊరికే రాలేదు. చేతిలో కట్టలు మోస్తూ మెట్లెక్కుతుంటే అచ్చం మన కోర్టు వరండాలో జూనియరులాగే ఉన్నాడు.

సినిమా షాహిద్ ఆజ్మీ అనే నిజమైన లాయరు కథ. ముంబయిలోని గోవండీలో పెరిగిన పిల్లవాడు. టాడా అనే ఉగ్రవాద నిరోధక చట్టం కింద పట్టుకుని తీహార్‌లో పెడితే అక్కడే పుస్తకం పట్టాడు. బయటికొచ్చి నల్లకోటు వేసుకుని, ఏడేళ్లలో పదిహేడు మందిని నిర్దోషులుగా విడిపించాడు. ముంబయి దాడుల కేసులో ఫహీమ్ అన్సారీ తరఫున నిలబడ్డాడు. ఫహీమ్ ఇచ్చినదేనంటూ పోలీసులు చూపించిన, దాడి చోట్ల పటం ఉంది చూడు, చనిపోయిన ఉగ్రవాది జేబులో దొరికిందన్నది? ప్యాంటేమో నెత్తురుతో తడిసింది, కాగితానికి ఒక్క మరక లేదు, నలగనైనా లేదు. నలభై ఏళ్లు కాగితాలు మడతపెట్టిన గుమస్తాను కదా, నా మనసు అక్కడే నిలిచిపోయింది.

మొన్న వెంకటేశం గారి మనవడి పెళ్లిలో రాంబాబు బాబాయి కలిశాడు. నువ్వేదో పెద్ద కేసు పట్టావట, ఫోన్లు వస్తున్నాయట. వాడి మాటలు సగానికి సగం కోసేసి వినాలని నాకు తెలుసు. ఎవరి కేసని అడగను, అడగకూడదు కూడా. కాకపోతే ఆ మిగతా సగం సంగతేమిటని.

ఆ పటం చూస్తే పోలయ్య సైకిలు గుర్తొచ్చింది. నీకు చెప్పానో లేదో. చెప్పినా మళ్లీ విను. 1983లో తెనాలిలో, దొంగ సైకిలని పట్టుకున్నారు. నాదేనయ్యా, గుంటూరులో కొన్నానంటాడు. రసీదేదీ అంటే, దివిసీమలో ఇంట్లో ఉందంటాడు. ఆ ఇల్లు 1977 ఉప్పెనలో పోయింది. ఆ రాత్రి తనూ, సైకిలూ తెనాలిలో కూలి పనిలో ఉన్నారు కాబట్టి మిగిలారు. జామీను ఇచ్చే దిక్కు లేక మూడు నెలలు సబ్‌జైల్లో ఉన్నాడు. పెద్ద ప్లీడరు గారు ఫీజు మాటెత్తకుండా వకాల్తా వేసి, "సీటు కింద గొట్టం మీద నంబరు కొట్టి ఉంటుంది, రాసుకుని గుంటూరు వెళ్లు" అన్నారు నాతో. ఆ షాపు అటక మీద పాత చిట్టాలు, సగం ఎలుకల పాలు. మూడు రోజులు దుమ్ములో తుమ్ముతూ వెతికాను. మూడో రోజు సాయంత్రం దొరికింది: పేరు, ఊరు, అదే నంబరు. చివరి అంకె మీద సిరా కారింది, నా ప్రాణం పోయింది. వెలుతురుకు పెట్టి చూస్తే ఏడే!

కేసు కొట్టేశారు. పోలయ్య చెయ్యెత్తి దణ్ణమైనా పెట్టలేదు, "నా సైకిలెప్పుడిస్తారండీ?" అన్నాడు. ఇచ్చేసరికి టైర్లు లేవు, గంట లేదు. భుజాన వేసుకుని వెళ్లాడు.

అందుకని నువ్వు పట్టిన కేసు తప్పని నేనెలా అంటాను? ఆ ఫహీమ్‌ను కూడా కోర్టు వదిలేసింది, సుప్రీంకోర్టు దాకా అదే నిలిచింది. మొదటి తీర్పు 2010 మేలో వచ్చింది. షాహిద్ మాత్రం ఆ ఫిబ్రవరి 11నే పోయాడు. కుర్లాలో, తన ఆఫీసులోనే కాల్చేశారు. ముప్పై రెండేళ్లు. నీకు మొన్న శ్రావణానికి ముప్పై ఒకటి నిండాయి.

ఉపన్యాసం ఇవ్వనని మీ అమ్మకు మాటిచ్చి కూర్చున్నాను. అయినా సరే: ఏడు దాటాక ముఖం తెలియని కక్షిదారును రానివ్వకు. గుమస్తాను నీకంటే ముందు ఇంటికి పంపకు. తలుపుకు వీపు పెట్టి కూర్చోకు. పెద్ద ప్లీడరు గారు చచ్చేదాకా గోడకు ఆనుకునే కూర్చున్నారు. అది నడుము నొప్పికి అనుకునేవాణ్ని. ఆ ఫోన్లు నిజమైతే నంబరు, వేళ, అన్న మాట, ఒక పుస్తకంలో రాసిపెట్టు. నాంపల్లిలో మధ్యాహ్నం టీతో సరిపెట్టకుండా రెండు మెతుకులు తిను.

గోంగూర పచ్చడి, కందిపొడి బస్సు పార్శిల్లో వేశాను. మూత మీద గుడ్డ కట్టింది మీ అమ్మ, విప్పేటప్పుడు నూనె కోటు మీద పడుతుంది, జాగ్రత్త. నేను రావలసిన పనేమీ లేదు గానీ, వస్తే నాలుగు రోజులు ఫైళ్లు సర్దిపెడతాను. నీ సూదీదారం పద్ధతి నాకు నచ్చదు.

మీ ఆఫీసు తలుపుకు గడియ లోపలి వైపు ఉందా? అది మాత్రం తిరుగు టపాలో రాయి.

ఇట్లు,
మీ నాన్న