మోకాళ్ళ నొప్పులకి మాత్రలేనా? ఫిజియోథెరపీ ఏదీ?

సంపాదకులు గారికి,

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో మందుల షాపు ముందు ఓ అరగంట నిలబడి చూడండి. అరవై దాటిన వాళ్ళు వచ్చి "మోకాళ్ళకి ఇయ్యి బాబూ" అంటారు, షాపతను చీటీ అడగడు, స్ట్రిప్పులోంచి నాలుగు నొప్పి మాత్రలు, వాటికి జతగా గ్యాస్ మాత్రలు కత్తిరించి కాగితంలో చుట్టి ఇచ్చేస్తాడు. ఆ నొప్పి మాత్రల్లో ఒకటైన డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. ఎవరు పట్టించుకుంటున్నారు?

ఇవి రోజూ మింగితే బీపీ పెరుగుతుంది, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. కిడ్నీ జబ్బుతో అల్లాడుతున్న శ్రీకాకుళం వైపు ఉద్దానం మనకి దూరమేం కాదు. అక్కడి జబ్బుకి కారణం ఈ మాత్రలేనని గట్టిగా తేలలేదు, అది వేరే సంగతి, కానీ ఆ కష్టాలు కళ్ళారా చూస్తూ కూడా మనకి కిడ్నీలంటే ఇంత అలుసేంటో. మా పెద్దమ్మకి బీపీ, సుగర్ రెండూ ఉన్నాయి, మాత్ర పడితేనే పొద్దున్న మంచం దిగేది. పాదాలు వాచినా మోకాళ్ళ వల్లే అనుకుంది. రక్త పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ ఎక్కువుంది, అంటే కిడ్నీలు సరిగా పనిచేయట్లేదన్నమాట.

"గుజ్జు అరిగిపోయింది, ఇంక నడవకు" అనే సలహా మరీ ఘోరం. నడక మానితే మోకాలిని పట్టి ఉంచే తొడ కండ చిక్కిపోతుంది, ఒళ్ళు పెరుగుతుంది, సుగర్ అదుపు తప్పుతుంది, పడిపోతామన్న భయంతో గుమ్మం దాటరు. కిలో బరువు తగ్గితే చాలు, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల దాకా భారం తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి, ఐదు లెక్కపెట్టి దించడానికి పైసా ఖర్చు లేదు. కాకపోతే ఇలాంటి వ్యాయామాలు తెలిసిన ఫిజియోథెరపిస్టు ఎవరో ఒకరు దగ్గరుండి నేర్పాలి, అదీ తెలుగులో. ఒడియాలో గబగబా చెప్పేస్తే మా ముసలమ్మలు తలూపి వచ్చేస్తారు.

70 దాటిన వాళ్ళకి 5 లక్షల ఆయుష్మాన్ కార్డు వచ్చింది, సంతోషం, కీలు మార్చాల్సినంత ముదిరితే పనికొస్తుంది. అంతదాకా రానివ్వకుండా చూసేవాళ్ళే లేరు. కేంద్రం 2010లో మొదలుపెట్టిన వృద్ధుల ఆరోగ్య కార్యక్రమంలో జిల్లా ఆసుపత్రికి ఫిజియోథెరపీ, సీహెచ్‌సీల్లో (సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో) వారానికి రెండు రోజులు వృద్ధుల క్లినిక్ అని రాసే ఉంది. మా గజపతి జిల్లా అధికారులు ఆ రెండు రోజులైనా తెలుగు వచ్చిన ఫిజియోథెరపిస్టుని కూర్చోబెట్టాలి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు షాపుల్లో చీటీలు చూడాలి.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి