వాల్వు రేడియోల కండెన్సర్ల విషయంలో మేము మార్చుకుంటున్న పద్ధతి

మా దుకాణంలో వాల్వు రేడియో బాగుచేయించుకున్న వారందరికీ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఇంతకాలం కాగితపు కండెన్సర్లలో (విద్యుత్తును నిలవచేసే భాగాలు, అంటే కెపాసిటర్లు) పాడైనట్టు తేలినవాటినే మార్చి, మిగిలినవాటిని మల్టీమీటరుతో చూసి, విలువ సరిపోతే అలాగే ఉంచేవాళ్లం. అది పొరపాటు. మీటరు పెట్టే కొద్ది వోల్టుల దగ్గర నిక్షేపంగా కనిపించే కండెన్సరు, సెట్టులో 200 వోల్టుల దగ్గర కరెంటును కార్చవచ్చు.

అలా మేము ఉంచేసిన ఒక కప్లింగ్ కండెన్సరు వల్ల ఈమధ్య ఒక సెట్టు కాలి తిరిగి వచ్చింది. ధ్వనిని మాత్రమే పంపి, డీసీని ఔట్‌పుట్ వాల్వు (స్పీకరును నడిపే వాల్వు) గ్రిడ్డుకు, అంటే వాల్వు కరెంటును అదుపుచేసే భాగానికి, చేరకుండా ఆపడం దాని పని. చల్లగా ఉన్నప్పుడే దానిలోంచి 10 మైక్రో ఆంపియర్ల కరెంటు కారుతోంది. ఆ కాస్త కరెంటే 470 కిలో ఓమ్‌ల గ్రిడ్ రెసిస్టరు మీద 4.7 వోల్టులు నిలబెడుతుంది. ఆ ఔట్‌పుట్ వాల్వు ఈఎల్ 84. దాని గ్రిడ్డు క్యాథోడు (ఎలక్ట్రాన్లను వదిలే భాగం) కంటే సుమారు 7 వోల్టులు తక్కువలో ఉండాలి. ఆ 4.7 వోల్టులు ఈ తేడాను తగ్గించేయడంతో, వాల్వు మితిమీరి కరెంటు లాగింది, స్పీకరుకు ముందుండే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు చుట్ట మాడిపోయింది. కండెన్సరు మైనం ఛాసిస్ (లోపలి లోహపు చట్రం) మీద కారి గోధుమరంగు చుక్కగా గడ్డకట్టి ఉంది. ఆ ట్రాన్స్‌ఫార్మరును మా ఖర్చుతోనే తిరిగి చుట్టించాము.

ఇకపై కాగితపు కండెన్సర్లన్నిటినీ 630 వోల్టుల ఫిల్మ్ రకంతో మారుస్తాము. 0.05 మైక్రోఫారడ్లు ఉన్నచోట 0.047 వేశామని కంగారుపడవద్దు. ఆనాటి కండెన్సర్లకే 20 శాతం అటూ ఇటూ తేడా ఉండేది.

ఫిల్టరు కండెన్సర్ల (డీసీలో హెచ్చుతగ్గులను సరిచేసేవి) దగ్గర మాత్రం మీ మాట కాదనవలసి వస్తుంది. గుయ్‌మనే మోత తగ్గాలని చాలామంది 100 మైక్రోఫారడ్లు వేయమంటారు. ఈజెడ్ 80 రెక్టిఫైయరు (ఏసీని డీసీగా మార్చే వాల్వు) తరువాత మొదటి కండెన్సరు 50కి మించకూడదు. మించితే ప్రతి చార్జింగులోనూ వాల్వు మీద భారం పెరిగి దాని ఆయుష్షు తగ్గుతుంది. అందుకే 47 మైక్రోఫారడ్లు, 450 వోల్టులు, 105 డిగ్రీల వేడిని తట్టుకునే రకమే వేస్తాము. పాత డబ్బా కండెన్సరును అందం కోసం పైన ఉంచినా, దాని తీగలు పూర్తిగా విప్పేస్తాము.

మైకా కండెన్సర్లను లోపం కనబడితే తప్ప ముట్టుకోము. వాటిలో ప్యాడరు (స్టేషన్లు డయలు మీద సరైన చోట పడేలా చూసే కండెన్సరు) విలువ కాస్త మారినా హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ డయలు మీద తన చోటు తప్పుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు లేని ఏసీ-డీసీ సెట్ల సంగతి. వాటి ఛాసిస్ నేరుగా కరెంటు తీగకే కలిసి ఉంటుంది కాబట్టి, ఏరియల్ దగ్గరి కండెన్సరు షార్టయితే ఏరియల్ తీగ ముట్టుకున్నవారికే షాకు కొడుతుంది. అక్కడ వై తరగతి భద్రతా కండెన్సరు తప్ప మరొకటి వేయము. మేము బాగుచేసిన అటువంటి సెట్టు మీ ఇంట్లో ఉంటే, ప్లగ్గు తీసి ఉంచి, దుకాణానికి తీసుకురండి. ఆ కండెన్సరును, కప్లింగ్ కండెన్సరును ఉచితంగా మారుస్తాము. బిల్లు లేకపోయినా ఫరవాలేదు.